పాత జట్లు మళ్ళీ కలవాలా? బస్తర్ పాట ముందున్న ప్రశ్న

2025 ఏప్రిల్ 5న దంతేవాడలో ‘బస్తర్ పండుం’ ముగింపు సభ జరిగింది. కేంద్ర హోం మంత్రి అమిత్ షా హాజరైన ఆ సభతో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తొలిసారి ఆ పేరుతో నిర్వహించిన సాంస్కృతిక పోటీలు ముగిశాయి. పండుం అంటే గోండిలో పండుగ. తెలుగు చెవికి అర్థం చెప్పనక్కరలేని మాట అది. భద్రాచలం మన్యంలోని కోయలు విత్తనాల పండుగను నేటికీ విజ్జ పండుం అంటారు. బ్లాకు స్థాయిలో మొదలై జిల్లాకు, అక్కడి నుంచి డివిజన్ స్థాయికి సాగిన ఈ పోటీలలో నృత్యం, పాట, వాద్యం, నాటకం, వేషభూషలు, చేతికళలు, వంటకాలు చోటుచేసుకున్నాయి.

అదే ఏడాది జూలై 4న బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ‘ఒయాసిస్’ రాక్ బృందం పదహారేళ్ళ తరువాత మళ్ళీ వేదికెక్కింది. 2009లో పారిస్‌లో కచేరీ మొదలు కావలసిన వేళ గొడవపడి విడిపోయిన గాలగర్ సోదరులు నోయెల్, లియమ్ ఒకే వేదికపై కనిపించారు. టిక్కెట్ల అమ్మకం నాడు గిరాకీని బట్టి ధరలు పెంచిన తీరు అంతకు ముందే అక్కడ పెద్ద వివాదమై, పోటీ వ్యవహారాల నియంత్రణ సంస్థ విచారణ వరకూ వెళ్ళింది.

ఈ రెండు సంఘటనలకు పైకి పొత్తు కనిపించదు. ఒకటి కోట్ల పౌండ్ల వ్యాపారం, మరొకటి ప్రభుత్వ వ్యయంతో జరిగిన వేడుక. అయినా రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే. ఒక కాలంలో కలిసి పాడి, కలిసి వాయించి, తరువాత చెల్లాచెదురైన వారిని మళ్ళీ ఒక చోటికి చేర్చడం ఉచితమేనా? చేర్చితే దక్కేది పాత పాటా, పాత పాట జ్ఞాపకమా? బస్తర్‌లో ఈ ప్రశ్న కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. అక్కడ జట్లు విడిపోయింది అన్నదమ్ముల తగాదా వల్ల కాదు. ఇరవయ్యేళ్ళ హింస వల్ల, ఊళ్ళు ఖాళీ కావడం వల్ల.

రాక్ సంగీత ప్రపంచం ఈ విషయంలో చేసిన ప్రయోగాలను ముందుగా చూడటం ఉపయోగకరం. ‘లెడ్ జెపెలిన్’ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో మరణించగానే మిగిలిన ముగ్గురూ అదే ఏడాది చివర బృందాన్ని ముగించారు. 2007 డిసెంబరు 10న లండన్‌లో ఒక్క రాత్రికి మాత్రం వారు మళ్ళీ కలిశారు. డ్రమ్ముల ముందు బోనమ్ కుమారుడు జేసన్ కూర్చున్నాడు. ఆ కచేరీ టిక్కెట్ల కోసం రెండు కోట్ల దరఖాస్తులు వచ్చాయని చెబుతారు. అంత గిరాకీ ఉన్నా వారు దానిని యాత్రగా కొనసాగించలేదు. స్వీడన్‌కు చెందిన ‘అబ్బా’ మరో దారి ఎంచుకుంది. 1982 తరువాత కలిసి పాడని ఆ నలుగురూ వంద కోట్ల డాలర్ల యాత్ర ప్రతిపాదనను ఒకప్పుడు కాదన్నారు. 2021లో కొత్త ఆల్బమ్ వెలువరించి, 2022 మే నుంచి లండన్‌లో యవ్వనంలోని తమ రూపాలను కంప్యూటర్ సాయంతో వేదికపై నిలబెట్టారు. ముసలితనాన్ని దాచుకోవాలంటే అంత యంత్రాంగం కావలసి వచ్చింది.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. 1984లో ముంబయిలో ‘రాక్ మెషిన్’గా పుట్టి, తరువాత ‘ఇండస్ క్రీడ్’గా పేరు మార్చుకున్న బృందం 1997లో విడిపోయింది. 2010లో తిరిగి కలిసి, 2012లో కొత్త పాటలతో ‘ఇవాల్వ్’ ఆల్బమ్ తెచ్చింది. కలకత్తాలో 1970లలో పాడిన ‘మొహీనేర్ ఘోరాగులి’ కథ ఇంకా ఆసక్తికరం. అది నడిచిన రోజులలో పట్టించుకున్నవారు కొద్దిమందే. 1995లో గౌతమ్ చట్టోపాధ్యాయ కొత్త గాయకులను పోగుచేసి, ఇరవయ్యేళ్ళ తరువాత అనే అర్థం వచ్చే పేరుతో ఆల్బమ్ తెచ్చాకే ఆ బృందం బెంగాలీ యువత నోట నిలిచింది. అంటే పాతవారంతా తిరిగి రావలసిన అవసరం లేకపోయింది. పాట తిరిగి వచ్చింది, పాడే గొంతులు మారాయి.

ఈ చివరి ఉదాహరణే బస్తర్‌కు దగ్గరగా వస్తుంది. కారణం అక్కడి సంగీత బృందం నిర్మాణంలోనే ఉంది.

నారాయణ్‌పూర్, కొండాగావ్ ప్రాంతాల మురియా గోండుల పాటకు పుట్టిల్లు ఘోటుల్. అవివాహితులైన యువతీయువకులు సాయంత్రం వేళ చేరే ఆ యువజన గృహాన్ని గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథమే వెలువరించారు. అందులోని యువకులను చెలిక్ అనీ, యువతులను మోటియారి అనీ పిలుస్తారు. పాట, ఆట, తప్పెట, ఊరి పనులలో క్రమశిక్షణ అన్నీ అక్కడే నేర్చుకుంటారు. పుష్యమాసంలో చెలిక్‌లు కోలాటపు కర్రలతో ఊరూరా తిరిగి ఆడే పూస్ కోలాంగ్, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి పాడే హుల్కీ, మాందరి తప్పెటల ఆట ఇవన్నీ ఆ ఇంటి సొత్తు. ఆ ఇంటిని స్థాపించినవాడు లింగో అనీ, ఆయన పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే వాయించేవాడనీ గోండుల గాథ.

ఈ వ్యవస్థలోని ఒక నియమం గమనించదగినది. పెళ్ళి అయితే ఘోటుల్ విడిచిపెట్టాలి. నిన్నటి దాకా జట్టుకు ముందు నడిచిన తప్పెటగాడు పెళ్ళయిన మరునాటి నుంచి ఆ వరుసలో ఉండడు. అతని చోటులోకి తరువాతి కుర్రవాడు వస్తాడు. అందువల్ల మురియా ఊళ్ళలో ‘పాత జట్టు’ అనే మాటకు అర్థమే లేదు. జట్టు ఎప్పుడూ పడుచుదే. దాని వయసు పెరగదు, మనుషులు దాని గుండా సాగిపోతారు. రాక్ బృందానికి సరిగ్గా ఇది వ్యతిరేకం. అక్కడ నలుగురు మనుషులే బృందం. వారిలో ఒకరు పోతే కుమారుడిని కూర్చోబెట్టినా ఒక్క రాత్రికి మించి నిలవలేదు. ఇక్కడ మనుషులు పోయినా బృందం ఉంటుంది, కాని ఆ ఇల్లు మూతపడితే మిగిలేది ఏమీ ఉండదు.

మూతపడటానికి కారణాలు ఒకటి రెండు కావు. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు పిల్లలను సాయంత్రాలకు ఊరికి దూరం చేశాయి. ఘోటుల్‌ను గురించి బయటివారు అల్లిన చవకబారు కథలు, తీసిన ఫొటోలు ఆ సమాజాన్ని సిగ్గుపడేలా చేశాయి. ఇందులో సినిమాలకూ, పర్యటకులకూ, కొందరు పత్రికలవారికీ కూడా వాటా ఉంది. కాని దక్షిణ బస్తర్‌లో అన్నింటినీ మించిన దెబ్బ 2005లో పడింది. ఆ ఏడాది జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మొదలైన సల్వాజుడుం కాలంలో వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు, కొందరు అడవి లోపలికి, వేలాది మంది గోదావరి, శబరి నదులు దాటి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ అడవులకు చేరారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పేనాటికి ఆ ఊళ్ళలో ఒక తరం ఆట నేర్చుకోకుండానే పెద్దదైంది. తప్పెట మోగితే ఎవరు వింటారో అన్న భయం ఉన్న చోట పండుగ ఎలా సాగుతుంది?

హింస పాటను ఆపడమే కాదు, వాడుకుంది కూడా. మావోయిస్టుల సాంస్కృతిక విభాగాలు గోండి, కోయ బాణీలనే తీసుకొని తమ మాటలు కూర్చుకున్నాయి. రేలా పాటల నడక తెలుగునాట రాజకీయ సభలకు ఎక్కిన దారి కూడా ఇదే అడవుల గుండా వచ్చింది. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలీలో లొంగిపోవడం, ఆ వెంటనే జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా ఆయుధాలు అప్పగించడం తరువాత ఒక చిక్కు ప్రశ్న ముందుకొచ్చింది. ఆయుధాలు విడిచినవారిలో సాంస్కృతిక జట్లలో పాడినవారు ఉంటే వారి గొంతులను ఏం చేయాలి? వారిని పిలిచి పాత ఆట ఆడించి దానిని శాంతికి గుర్తుగా చూపడం తేలిక. వారు పాడిన బాణీ నిజానికి ఏ పార్టీదీ కాదు, వారి నాయనమ్మలది. అది వారికి తిరిగి దక్కాలంటే వేదిక కన్నా ముందు ఊరు దక్కాలి.

చెదిరినవారిని పోగుచేసిన ప్రయత్నాలు బస్తర్‌లో లేకపోలేదు. అన్నింటిలోనూ పేరు పొందినది ‘బస్తర్ బ్యాండ్’. బిలాస్‌పూర్‌కు చెందిన రంగస్థల కళాకారుడు అనూప్ రంజన్ పాండే దీనికి రూపమిచ్చారు. హబీబ్ తన్వీర్ నడిపిన ‘నయా థియేటర్’లో పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. మూలపడిన వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించడంతో మొదలైన పని, వాటిని వాయించగలిగినవారిని వెతకడం దాకా సాగింది. 2019లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ బృందంలోని కళాకారులు ఒకే ఊరివారు కారు, ఒకే తెగవారూ కారు. మురియా, దండామి మాడియా, ధుర్వా, భత్రా, దోర్లా వంటి అనేక సమాజాల వాద్యాలు, పాటలు అందులో పక్కపక్కన నిలుస్తాయి.

దీనిని పునఃకలయిక అనవచ్చునా? ఖచ్చితంగా చెప్పాలంటే కాదు. ఈ కళాకారులు మునుపెన్నడూ ఒక జట్టుగా లేరు. ధనకుల్ వాయించే గురుమాయి, గౌర్ కొమ్ముల తలపాగాతో ఆడే మాడియా యువకుడు పాతకాలంలో ఒక వేదికపై కలిసే సందర్భమే లేదు. ఈ కలయిక కొత్తది. క్యూబాలో జరిగినది ఇలాంటిదే. 1996లో హవానాలోని ఒక స్టూడియోలో హువాన్ దే మార్కోస్ గొన్సాలెస్, రై కూడర్ కలిసి, జనం మరచిపోయిన వృద్ధ సంగీతకారులను ఒక చోట చేర్చారు. ఇబ్రహీం ఫెర్రేర్ అప్పటికి పాడటం మానుకొని బూట్లకు పాలిష్ చేసి బతుకుతున్నారు. రూబెన్ గొన్సాలెస్ ఇంట్లో పియానో లేదు. ఎన్నడో మూతపడిన ఒక క్లబ్బు పేరుతో 1997లో వెలువడిన ‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’ ఆల్బమ్ లక్షల సంఖ్యలో అమ్ముడుపోయి గ్రామీ బహుమతి పొందింది. ఆ వృద్ధులలో పలువురు తరువాతి కొద్ది సంవత్సరాలలోనే కన్నుమూశారు. ఆలస్యంగానైనా వారికి తగిన గౌరవం, తగిన డబ్బు దక్కాయి. అయితే విమర్శకులు ఒక మాట అన్నారు. ఆ ఆల్బమ్ ప్రపంచానికి చూపింది 1950ల నాటి క్యూబాను. ఆనాటి హవానా యువకులు పాడుతున్న పాటను అది మరుగున పడేసింది.

బస్తర్ బ్యాండ్ విషయంలోనూ ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఆ బృందం లేకపోతే కొన్ని వాద్యాల పేర్లు కూడా నగరాలలో వినిపించేవి కావు. అలాగే ఢిల్లీ వేదికపై నలభై నిమిషాలకు కుదిరిన బస్తర్ ఊళ్ళోని బస్తర్ కాదు. ఇందుకు ధనకుల్ మంచి ఉదాహరణ. కుండ మూతిపై చేట బోర్లించి, దాని మీద విల్లు ఆనించి, విల్లు కర్రకున్న గాట్లపై చీల్చిన వెదురు పుల్లతో గీస్తూ, నారిని మీటుతూ గురుమాయిలు జగార్ పాడతారు. లక్ష్మీ జగార్ వంటి హల్బీ మౌఖిక కావ్యాలు రోజుల తరబడి సాగుతాయి, చివరి రోజు ఊరంతా పెళ్ళి జరిపినట్టు జరుపుకుంటుంది. కొండాగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ దశాబ్దాల పాటు ఈ కావ్యాలను గురుమాయిల నోట విని రాసి అచ్చు వేయించారు. 2021లో ఆయన మరణించేనాటికి చేసిన పని ఒక సంస్థ చేయదగినంత. అలాంటి జగార్‌ను పోటీ వేదికకు నిమిషాలలోకి కుదిస్తే న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది దేనికి? కుండకా, చేటకా?

పోటీ అన్నది అంత చెడ్డదేమీ కాదనే వాదనా ఉంది, దానిలో బలమూ ఉంది. బహుమతి సొమ్ము, ధ్రువపత్రం, జిల్లా కేంద్రం దాకా ప్రయాణం ఒక ఊరి యువకులను నెల రోజుల పాటు సాధన చేయిస్తే అది చిన్న విషయం కాదు. తప్పెట మోగితే భయపడిన ఊరిలో ఇప్పుడు రాత్రి పూట సాధన జరుగుతోందంటే అదే ఒక వార్త. కాని పోటీ నియమం జట్టును ఎలా తీర్చిదిద్దుతుందో నిర్వాహకులు గమనించాలి. రంగురంగుల దుస్తులు, ఒకే కొలత అడుగులు, పది నిమిషాలలో ముగిసే ఆట మార్కులు తెస్తాయని తేలితే వచ్చే ఏటికి అన్ని ఊళ్ళూ ఒకే రకంగా ఆడతాయి.

వయసు మాట కూడా చెప్పుకోవాలి. దండామి మాడియాల గౌర్ నృత్యంలో పురుషుడు అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి, మెడలో పెద్ద డోలు వేసుకొని, ఎదుటివాడిని దున్న లాగా కుమ్ముతూ గంటల కొద్దీ ఆడతాడు. 1938లో వీరి గురించి గ్రంథం రాసిన గ్రిగ్సన్ ఆ కొమ్ముల పేరుతోనే వారిని ప్రస్తావించారు. భద్రాచలం పరిసరాలలోని కోయల కొమ్ము నృత్యం దీనికి చుట్టమే. ఆ ఆట పాతికేళ్ళ దేహం కోసం పుట్టింది. ఒకప్పటి మేటి ఆటగాళ్ళను అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ ఆ బరువు కింద నిలబెట్టడం గౌరవం అనిపించుకోదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిదున్న కొమ్ములు కొత్తగా సంపాదించే వీలు లేదు. తాతల నాటి తలపాగాలే తరం నుంచి తరానికి రావాలి. ముసలివారు చేయవలసింది ఆడటం కాదు, తలపాగా ఎవరి తల మీద పెట్టాలో నిర్ణయించడం. ఘోటుల్ నియమం చెప్పేదీ అదే.

ఇదే రాష్ట్రంలో, బస్తర్‌కు ఉత్తరాన ఉన్న మైదానంలో, అచ్చంగా పునఃకలయిక అనదగిన ఉదంతం ఒకటి ఉంది. దుర్గ్ దగ్గరి బఘేరా గ్రామంలో దావు రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో ‘చందైనీ గోందా’ అనే సంగీత రూపకాన్ని నిలబెట్టారు. ఛత్తీస్‌గఢీ రైతు జీవితమే దాని వస్తువు. ఖుమాన్ సావ్ సంగీతం, లక్ష్మణ్ మస్తూరియా పాటలు ఆకాశవాణి రాయ్‌పూర్ కేంద్రం ద్వారా ఇంటింటికీ చేరాయి. ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రం కావడానికి మూడు దశాబ్దాల ముందే ఆ ప్రాంతానికి తన గొంతు తాను వినగలిగే అవకాశం అలా దొరికింది. తరువాత మండలి చెదిరింది. దేశ్‌ముఖ్ దానిని పట్టుకొని కూర్చోలేదు, ‘కారీ’ అనే మరో రూపకానికి పూనుకున్నారు. సంగీతకారుడు ఖుమాన్ సావ్ మాత్రం అదే పేరుతో మండలిని తిరిగి కూర్చి, తన వద్ద నేర్చుకున్న కొత్త గాయనీగాయకులతో ఏళ్ళ తరబడి ప్రదర్శనలు ఇచ్చారు. 2018లో మస్తూరియా, 2019లో ఖుమాన్ సావ్ కన్నుమూశారు.

వీరిద్దరిలో ఎవరు చేసినది సరైనది? స్థాపకుడి దారిలో సృష్టి ఉంది, సంగీతకారుడి దారిలో సంరక్షణ ఉంది. కాని ఖుమాన్ సావ్ చేసినదానిని తక్కువగా చూడటం తప్పు. ఆయన పాత కళాకారుల కోసం ఎదురుచూడలేదు, పాత పాటలకు కొత్త గొంతులను తయారు చేశారు. ఆయన మండలి నిలిచింది పేరు వల్ల కాదు, నేర్పడం వల్ల.

తెలుగునాట ప్రజానాట్యమండలి అనుభవం దీనికి తోడు వస్తుంది. 1943లో ఏర్పడి, గరికపాటి రాజారావు వంటివారి నాయకత్వంలో ‘మా భూమి’ని ఊరూరా ఆడిన ఆ మండలి, దశాబ్దం తిరిగేలోగా నిషేధాలకు, నిర్బంధాలకు లోనై చెదిరిపోయింది. చాలామంది మద్రాసు చేరి సినిమాలలో కుదురుకున్నారు. రాజారావే 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశారు. తరువాతి కాలంలో అదే పేరుతో మండలి మళ్ళీ నిలిచినప్పుడు అందులోని వారు కొత్త తరం. పాత తారలను మద్రాసు నుంచి పిలిపించి ఉంటే సభలు నిండేవేమో, మండలి నిలిచేది కాదు. సురభి వారిది ఇంకో పద్ధతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ నాటక సమాజంలో పసిబిడ్డగా వేదికెక్కినవారు ముసలి పాత్రల దాకా అక్కడే పెరుగుతారు. డజన్ల కొద్దీ ఉన్న సమాజాలు నేడు కొద్దిగా మిగిలాయి. అయినా సురభికి పునఃకలయిక అవసరం రాలేదు, కుటుంబం విడిపోలేదు కనుక.

కుటుంబం విడిపోతే ఏమవుతుందో గోదావరి ఒడ్డున కనిపిస్తోంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల గాథలను డోలు వాయిస్తూ పాడగలిగిన చివరి తరంవాడాయన. 2024 జూన్‌లో ఆయన మరణించారు. గుర్తింపుకూ మరణానికీ మధ్య ఉన్నది రెండేళ్ళు. అదే ఏడాది అక్టోబరులో ఆదిలాబాద్ మార్లవాయికి చెందిన గుస్సాడి నర్తకుడు కనకరాజు కూడా కన్నుమూశారు. అయితే కనకరాజు గుస్సాడిని యువకులకు నేర్పుతూ పోయారు, కనుక దండారి వేళ ఆ ఆట ఆగలేదు. అవార్డు ఇద్దరికీ దక్కింది. జట్టు ఒక్కరికే మిగిలింది.

బస్తర్‌లో ఇప్పుడు ఆ దృష్టితో చూడదగినవారు ఉన్నారు. నారాయణ్‌పూర్ జిల్లా గఢ్ బెంగాల్ గ్రామానికి చెందిన పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ లభించింది. కొయ్య చెక్కడంతో పాటు గాలిలో ఊపితే పలికే వెదురు వేణువు ‘సులూర్’ తయారీలో ఆయన పేరు పొందారు. ప్రభుత్వం అలాంటివారిని ఏడాదికొకసారి వేదికపై శాలువా కప్పడానికి పిలవవచ్చు. లేదా నెలకు ఇంత అని గౌరవ వేతనం ఇచ్చి, వారి వాకిట్లోనే పదిమంది పిల్లలను కూర్చోబెట్టవచ్చు. రెండవదానికి ఫొటోలు తక్కువ వస్తాయి, ఖర్చు కూడా తక్కువే.

ప్రసార మాధ్యమాలకూ ఇందులో పని ఉంది. ఆకాశవాణి జగదల్‌పూర్ కేంద్రం హల్బీ, గోండి భాషలలో దశాబ్దాలుగా పాటలు వినిపిస్తోంది. 1983లో అమెరికాలోని ఫోక్‌వేస్ సంస్థ మురియా, మారియా గోండుల సంగీతాన్ని ఎల్‌పీ రికార్డుగా విడుదల చేసింది. ఇలాంటి పాత ధ్వనిముద్రణలు పాడినవారి ఊళ్ళకు తిరిగి చేరడం ముఖ్యం. ఒక ఘోటుల్‌లో నలభై ఏళ్ళ నాటి హుల్కీని ఆనాటి చెలిక్‌ల మనుమలు ఫోనులో విని, ఇంటి పెద్దలను అడిగి మాటలు సరిచేసుకుంటే అంతకు మించిన పునఃకలయిక ఉండదు. పేర్లు లేకుండా ‘జానపద బృందం’ అని మాత్రమే నమోదైన గొంతులకు పేర్లు పెట్టగలిగేవారు ఇంకా కొందరు బతికి ఉన్న కాలం ఇది.

హక్కుల విషయం మరొకటి. ఒయాసిస్ పాట ఎక్కడ మోగినా రాసినవారికి సొమ్ము చేరుతుంది. రేలా బాణీ సినిమాకెక్కినా, టెలివిజన్ పోటీకెక్కినా ఆ బాణీ పుట్టిన ఊరికి చేరేది ఏమీ లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో దానికి కర్త లేడు. వేదికలు పెరిగే కొద్దీ ఈ లోటు కూడా పెరుగుతుంది. పండుం వంటి వేడుకల దృశ్యాలు, ధ్వనిముద్రణలు ఎవరి అధీనంలో ఉండాలి, వాటిపై వచ్చే ఆదాయంలో గ్రామసభకు వాటా ఎంత అన్నది ముందుగానే రాసి పెట్టుకోవలసిన విషయం.

చివరగా మిగిలేది, అన్నింటికన్నా కష్టమైనది, నది ఇవతలి వారి సంగతి. సల్వాజుడుం కాలంలో వచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవులలో స్థిరపడిన కుటుంబాలను ఇక్కడ గుత్తికోయలు అంటున్నారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలైన వీరికి తెలంగాణలో కుల ధ్రువపత్రం దొరకదు, సాగు చేసుకున్న పోడుకు పట్టా రాదు. తిరిగి వెళ్ళాలంటే విడిచి వచ్చిన భూమి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఉంది. సుక్మా, బీజాపూర్ జిల్లాల ఊళ్ళలో రోడ్లు పడుతున్నాయి, మూతపడిన బడులు తెరుస్తున్నారు. పండుం పోటీలు మాత్రం బ్లాకు, జిల్లా, డివిజన్ మెట్ల మీదుగా సాగుతాయి. నది దాటినవారు ఆ మెట్లలో దేనికీ చెందరు. ఒక ఊరి తప్పెటగాళ్ళలో సగం మంది ఆ ఒడ్డున, సగం మంది ఈ ఒడ్డున ఉన్నప్పుడు జట్టును కలపడం సాంస్కృతిక శాఖ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. రెండు తెలుగు రాష్ట్రాల, ఛత్తీస్‌గఢ్ రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖలు ఒక బల్ల ముందు కూర్చొని, వెళ్ళదలచినవారికి భూమి, ఉండదలచినవారికి ధ్రువపత్రం ఎలా ఇవ్వాలో తేల్చాలి.